వాయువు దగ్గరికే వెలుగు

(ఆచార్య సూరి భగవంతం గారి స్మృతిలో చేసిన ఉపన్యాసం, ముద్రిత పాఠం)



భగవంతం గారి స్మృతిలో మాట్లాడడానికి సిద్ధాంతం తెలిసినవాళ్లని పిలవడం ఆనవాయితీ. నేను ఫ్యాక్టరీ మనిషిని. వేడి గొట్టాలకు, చిమ్నీలకు గ్యాస్ ఎనలైజర్లు బిగించడం, అవి చూపించే అంకెని నమ్మాలో వద్దో తేల్చుకోవడం, ఇదే నా వృత్తి. అయినా ఒప్పుకున్నాను. 1939లో వెంకటరాయుడు గారితో కలిసి ఆయన రాసిన వ్యాసంలోనూ, 1948లో ఇద్దరూ కలిసి వాల్తేరు నుంచి వెలువరించిన సమూహ సిద్ధాంత గ్రంథంలోనూ ఉన్న ప్రశ్న మా పనికీ మూలమే: ఏ అణువు ఏ వెలుగుకి పలుకుతుంది, దేనికి పలకదు?

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టడం, 1928లో కలకత్తా వెళ్లి రామన్ గారి దగ్గర చేరడం, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యుడు కావడం, ఉస్మానియా ఉపాధ్యక్ష పదవి, బెంగుళూరు విజ్ఞాన సంస్థ, రక్షణ శాఖ సలహాదారు పదవి, ఇవన్నీ మీకు తెలిసినవే. వాటిని మళ్లీ వల్లించను. ఆయన కాలంలోనే రంగధామరావు గారు వాల్తేరులో వర్ణపటశాస్త్రాన్ని నిలబెట్టారు. ఇద్దరు ఉద్దండులు ఒకే కొండమీద వెలుగుని విడదీసి చూస్తున్న రోజులవి. ఆ కొండకి కాస్త దూరంలోనే తర్వాత ఉక్కు కర్మాగారం వచ్చింది. నా విషయం ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది.

ముందు నియమం సంగతి చూద్దాం. అణువులో పరమాణువులు ఎప్పుడూ కంపిస్తూనే ఉంటాయి. ఆ కంపనంతో అణువు ద్విధ్రువ భ్రామకం మారితేనే అది పరారుణ కాంతిని శోషిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్, అమ్మోనియా, మీథేన్, నీటి ఆవిరి, హైడ్రోజన్ క్లోరైడ్ ఈ షరతుకి తూగుతాయి. నైట్రోజన్, హైడ్రోజన్ తూగవు. ఒకే జాతి పరమాణువులు రెండూ ఎంత సాగినా ముడుచుకున్నా ఆవేశం ఒక పక్కకి ఒరగదు మరి. కార్బన్ డయాక్సైడ్‌లో రెండు ఆక్సిజన్ పరమాణువులూ ఒక్కసారిగా బయటికి సాగే కంపనం పరారుణంలో కనబడదు, రామన్ వర్ణపటంలో కనబడుతుంది. ఇదంతా ప్రయోగం చెయ్యకముందే, అణువు సౌష్ఠవాన్ని బట్టి కాగితం మీద తేల్చే పద్ధతిని భగవంతం గారు విద్యార్థుల చేతికి అందేటట్టు రాశారు.

ఫ్యాక్టరీవాడికి ఈ నియమం పెద్ద వరం. బొగ్గు కాల్చిన పొగలో దాదాపు మూడు వంతులు నైట్రోజనే. అది పరారుణానికి అడ్డు తగిలి ఉంటే ఆ గుంపులో పదో వందో పీపీఎం (పది లక్షల్లో వంతులు) కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టడం మన తరమయ్యేది కాదు.

సుమారు 780 నానోమీటర్ల నుంచి 2500 దాకా ఉన్న మేరని సమీప పరారుణం అంటాం. అణువుల అసలు కంపనాలు ఇక్కడ ఉండవు, ఇంకా పొడవైన తరంగాల దగ్గర ఉంటాయి. ఇక్కడ దొరికేవి వాటి అతిస్వరాలు. వీణ తీగని మీటితే అసలు స్వరంతోపాటు రెండింతల పౌనఃపున్యంలో పలచగా మరొకటి వినిపిస్తుంది కదా, అలాంటివి. అయితే అణువుల్లో లెక్క కొంచెం తప్పుతుంది. హైడ్రోజన్ క్లోరైడ్ ప్రాథమిక కంపనం 3.46 మైక్రోమీటర్ల దగ్గర ఉంది. అతిస్వరం సరిగ్గా సగంలో, 1.73 దగ్గర ఉండాలి. ఉన్నది 1.76 దగ్గర. సాగేకొద్దీ రసాయన బంధం వదులవుతుంది, అందుకే ఈ జారుడు.

ఇప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌ని తీసుకోండి. దాని ప్రాథమిక కంపనం 4.67 మైక్రోమీటర్ల దగ్గర, మొదటి అతిస్వరం 2.35 దగ్గర, రెండోది 1.57 దగ్గర. ఒక్కో మెట్టు దిగేసరికి శోషణ బలం నూరో వంతుకన్నా తగ్గిపోతుంది. రెండు మెట్లు దిగితే పదివేలో వంతు కూడా మిగలదు. వర్ణపటం పాఠం చెప్పే ఏ మాస్టారైనా, కొలవాలంటే బలమైన చోటే కొలవాలి కదా, ఈ నీరసపు గీతలతో పనేమిటి అంటారు. ఫ్యాక్టరీలు కూడా చాలాకాలం అలాగే అనుకున్నాయి. ఆ నీరసమే మాకు ఎలా పనికొచ్చిందో చెప్పడమే ఇవాళ్టి నా పని.

పాత పద్ధతి ముందు తెలియాలి. 1859లో టిండాల్ లండన్‌లో ఏ వాయువు ఎంత వేడిని అడ్డుకుంటుందో గొట్టంలో నింపి చూశాడు. ఆ పరిజ్ఞానం ఫ్యాక్టరీ గేటు దాటడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1938లో జర్మనీలో, ఐజీ ఫార్బెన్ సంస్థలో, ఎర్విన్ లేరర్, కార్ల్ లుఫ్ట్ అనే ఇద్దరు ‘ఉరాస్’ అనే యంత్రం చేశారు. పట్టకం లేదు, జాలకం లేదు. కొలవదలచిన వాయువునే గ్రాహకంలో నింపారు. కార్బన్ మోనాక్సైడ్ నింపిన గ్రాహకం కార్బన్ మోనాక్సైడ్ శోషించే తరంగాలకే వేడెక్కుతుంది, మిగతావాటిని పట్టించుకోదు. ఇంత తెలివైన ఉపాయం మా రంగంలో మళ్లీ చాలాకాలం రాలేదని నా అభిప్రాయం. ఆ పేరుతో యంత్రాలు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.

లోపం యంత్రంలో లేదు, దాని దగ్గరికి వాయువుని మోసుకొచ్చే దారిలో ఉంది. ఎనలైజర్ చల్లగా, శుభ్రంగా ఒక గదిలో కూర్చుంటుంది. గ్యాస్ ఏమో నాలుగైదు వందల డిగ్రీల వేడిలో, బూడిదతో, తేమతో, ఆమ్లాలతో ఉంటుంది. గొట్టంలోకి ప్రోబ్ దించాలి, ఫిల్టర్ పెట్టాలి, శాంపిల్ లైన్‌ని దారి పొడుగునా వేడిగా ఉంచాలి, తర్వాత కూలర్‌లో తేమ దింపాలి, పంపుతో లాగాలి. ఇన్‌స్ట్రుమెంట్ డిపార్ట్‌మెంట్ కుర్రాణ్ణి ఎవర్నైనా అడగండి, ఎనలైజర్ కంప్లయింట్ అని ఫోనొస్తే చూడాల్సింది ఎనలైజర్‌ని కాదని చెప్తాడు. ప్రోబ్ పూడిపోయి ఉంటుంది, లేకపోతే హీటర్ పోయి లైనులో నీళ్లు నిలిచి ఉంటాయి.

అంతా సవ్యంగా ఉన్నా ఆలస్యం తప్పదు. నాలుగు మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న శాంపిల్ గొట్టం 50 మీటర్లు లాగామనుకోండి. అందులో పట్టే వాయువు సుమారు 630 మిల్లీలీటర్లు. నిమిషానికి ఒక లీటరు చొప్పున లాగితే గొట్టం దాటడానికే 38 సెకన్లు. ఫిల్టరు, కూలరు, ఎనలైజర్ సెల్లు నిండే సమయం కలిపితే నిమిషం దగ్గరికి వస్తుంది. అసలు పొగగొట్టంలో పొగ సెకనుకి 15 మీటర్లు పోతుంటే ఈ 38 సెకన్లలోనే అర కిలోమీటరు పైన నడిచిపోతుంది. అంటే మనం చదివే అంకె తాలూకు పొగ చిమ్నీ దాటి ఊరి మీదికి వెళ్లిపోయి ఉంటుంది.

ఇది ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుందో సిమెంటువాళ్లకి తెలుసు. కిల్న్ అనే కొలిమిలోకి బొగ్గు ఒక్కసారి ఎక్కువ పడితే సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. వెనక ఈఎస్‌పీ ఉంది. దుమ్ము పట్టడానికి వేల వోల్టులు పెట్టి, అప్పుడప్పుడు నిప్పురవ్వలు రాల్చే పెట్టె అది. గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 12.5 శాతం చేరితే పేలుతుంది. అందుకని అంతకు చాలా ముందే, ఒక శాతం అటూ ఇటూగా, ఈఎస్‌పీకి కరెంటు కట్ చేస్తారు. కంట్రోల్ రూమ్ భాషలో సీవో ట్రిప్. కరెంటు పోయిన క్షణం నుంచి దుమ్మంతా చిమ్నీలోంచి బయటికే. కొలత నిమిషం ఆలస్యమైతే భయంకొద్దీ పరిమితిని ఇంకా కిందికి దించుతారు. అప్పుడు అవసరం లేకపోయినా ట్రిప్పులు పడతాయి. తాడిపత్రి అయినా తాండూరు అయినా ఈ లెక్క ఒక్కటే. మన దగ్గర చాలా సిమెంటు ఫ్యాక్టరీలు తర్వాత బ్యాగ్ ఫిల్టర్లకి మారాయి. అయినా కాలని వాయువు బెడద మొత్తంగా పోలేదు.

ఉక్కు కర్మాగారంలో ఇదే ఆలస్యం డబ్బు రూపంలో పోతుంది. ఇనుముని ఉక్కుగా మార్చే ఎల్‌డీ కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊదడం పదిహేను, ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది. మొదట్లోనూ చివర్లోనూ వచ్చే వాయువు పనికిరాదు, తగలబెట్టేస్తారు. నడుమ కార్బన్ మోనాక్సైడ్ పుష్కలంగా, ఆక్సిజన్ అతి తక్కువగా ఉన్న కొద్ది నిమిషాల్లోనే గ్యాస్ హోల్డర్‌లోకి మళ్లించాలి. ఆ అదను వచ్చిందని ఒక నిమిషం ఆలస్యంగా తెలిస్తే ప్రతిసారీ అంత ఇంధనం మంటల పాలు. అదను దాటిందని ఆలస్యంగా తెలిస్తే హోల్డర్‌లోకి ఆక్సిజన్ పోతుంది. అది ఇంకా ప్రమాదం.

కాబట్టి వాయువుని పరికరం దగ్గరికి తెచ్చేకన్నా వెలుగునే వాయువు దగ్గరికి పంపితే? గొట్టానికి ఈ పక్క దీపం, ఆ పక్క గ్రాహకం. ఆలోచన పాతదే, అడ్డు పడింది మాత్రం బలమైన గీతలు. ఐదు మీటర్ల వెడల్పు గొట్టంలో ఒక శాతం కార్బన్ మోనాక్సైడ్ ఉందనుకోండి. 4.67 మైక్రోమీటర్ల దగ్గర బలమైన గీత మీద వెలుగు పంపితే అవతలికి ఏమీ చేరదు, చిమ్మచీకటి. రెండు శాతమైనా అదే చీకటి, అర శాతమైనా అదే. ఇక కొలిచేదేముంది? అదే గొట్టంలో 1.57 దగ్గర చూస్తే గీత మధ్యలో పోయేది నూటికి సుమారు ఒక వంతు వెలుగు. బేర్ నియమం చక్కగా సరళరేఖలో నడిచే చోటు అది. రెట్టింపు వాయువు ఉంటే రెట్టింపు లోటు. పీపీఎం స్థాయిలో వెతకాల్సి వస్తే 2.33 దగ్గరి గీతకి వెళ్తాం. మన గొట్టం వెడల్పుకి, మన గాఢతకి సరిపడ్డ నీరసాన్ని ఎంచుకునే స్వేచ్ఛ మనకుంది. ప్రయోగశాలలో పది సెంటీమీటర్ల సెల్లుకి పనికిరాని గీత ఫ్యాక్టరీ గొట్టానికి కొలిచి కుట్టినట్టుంటుంది.

రెండో అదృష్టం మా చేతిది కాదు, టెలిఫోన్ వాళ్లది. గాజు తంతువులో వెలుగు అతి తక్కువగా నష్టపోయేది 1.55 మైక్రోమీటర్ల దగ్గర. అందుకని వాళ్లు ఆ మేరలో, మామూలు గది ఉష్ణోగ్రతలో ఏళ్ల తరబడి పనిచేసే సన్నని ఏకవర్ణ లేజర్లని తయారు చేసుకున్నారు. అంతకుముందు పరారుణ డయోడు లేజరంటే ద్రవ నైట్రోజన్ లాంటి చల్లదనంలో పెట్టి బుజ్జగించాల్సిన వస్తువు, ఫ్యాక్టరీలోకి తెచ్చేది కాదు. టెలిఫోన్ లేజర్ల పరిధిలోనే 1.51 నుంచి 1.53 దాకా అమ్మోనియా గీతలున్నాయి, 1.53 దగ్గర ఎసిటిలీన్, 1.57 దగ్గర కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, ఆ పక్కనే హైడ్రోజన్ సల్ఫైడ్, 1.65 దగ్గర మీథేన్ ఉన్నాయి. ఇందులో ఒక చమత్కారం ఉంది. గాజులో చిక్కుకున్న నీటి తాలూకు ఓహెచ్ బంధం 1.38 దగ్గర వెలుగుని మింగుతుంది. టెలిఫోన్ ఇంజనీర్లు ఏళ్లకేళ్లు ఆ గుంటని తప్పించుకు తిరిగారు. అదీ అతిస్వరమే. వాళ్లు తప్పించుకున్న ఆ చోటికే మేం వెళ్లి వాయువుల్లో తేమని కొలుస్తాం.

లేజర్‌కిచ్చే కరెంటుని కొంచెం పెంచితే దాని తరంగదైర్ఘ్యం కొంచెం జరుగుతుంది. అలా సెకనుకి ఎన్నోసార్లు ఒకే ఒక్క గీతని ఈ అంచు నుంచి ఆ అంచుకి తుడుస్తాం. మామూలు వాయుపీడనంలో ఆ గీత వెడల్పు నానోమీటరులో కొన్ని శతాంశాలే. మధ్యలో బూడిద వస్తే వెలుగు తగ్గుతుంది. కానీ గీత మీదా, గీత పక్కనా ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. మనం కొలిచేది ఆ రెండింటి నిష్పత్తి కనుక అంకె చెక్కుచెదరదు. వెలుగులో కొద్ది శాతమే అవతలికి చేరినా పని జరిగిపోతుంది. జవాబు ఒకటి రెండు సెకన్లలో కంట్రోల్ రూమ్‌లో ఉంటుంది. అమ్మోనియా, హైడ్రోజన్ ఫ్లోరైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ లాంటివి గొట్టం గోడలకి అంటుకుని, కూలర్ నీళ్లలో కరిగి శాంపిల్ లైన్‌లోనే మాయమయ్యే రకం. వాటిని పాత పద్ధతిలో నిజాయితీగా కొలిచామని ఎవరన్నా అంటే నేను సులువుగా నమ్మను.

ఆక్సిజన్ సంగతి విడిగా చెప్పాలి. నియమం ప్రకారం అది నైట్రోజన్ లాగే పరారుణానికి కనబడకూడదు. అయినా 760 నానోమీటర్ల దగ్గర దానికి గీతలున్నాయి. 1814లో ఫ్రౌన్‌హోఫర్ సూర్యకాంతిలో చూసి ఏ అని పేరు పెట్టిన నల్ల గీత సూర్యుడిది కాదు, మన గాలిలోని ఆక్సిజన్‌ది. ఆక్సిజన్ అణువులో జత కాని ఎలక్ట్రాన్లు రెండున్నాయి. వాటి అయస్కాంత స్వభావం వల్ల నిషేధం కాస్త సడలుతుంది, అతి బలహీనమైన శోషణ జరుగుతుంది. ఆ సడలింపు మీదే ఇవాళ ఎన్నో ఫర్నేసుల ఆక్సిజన్ కొలత నడుస్తోంది.

ఇక్కడే ఎక్కువమంది దెబ్బ తినేది కూడా. కిటికీ అద్దాలకి బూడిద పట్టకుండా వాటి ముందు గాలి ఊదుతాం. గొట్టం వెడల్పు ఒక మీటరు, లోపల ఆక్సిజన్ రెండు శాతం అనుకుందాం. రెండు పక్కలా ఊదుడు గాలి నిండిన మేర కలిపి పది సెంటీమీటర్లు ఉంటే, ఆ పది సెంటీమీటర్లలో ఉన్నది 21 శాతం ఆక్సిజన్. లెక్క వేయండి. గొట్టంలోది రెండు, గాలిది రెండు పాయింట్ ఒకటి. అంకెలో సగం పైన ఊదుడు గాలిదే! అందుకని ఆక్సిజన్ కొలిచేచోట నైట్రోజన్ ఊదాలి. ఖర్చని చెప్పి కంప్రెసర్ గాలికి కలిపేసి, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో తీసేస్తాం అనేవాళ్లు నాకు తగిలారు. తీసెయ్యొచ్చు, గాలి మేర రోజూ అంతే ఉంటే. అది అంతే ఉండదు.

చిక్కులు ఇంకా ఉన్నాయి. పొగ వేడెక్కితే గీత బలం మారుతుంది, పీడనం మారితే గీత వెడల్పు మారుతుంది, చుట్టూ ఉన్న వాయువు మారినా మారుతుంది. గొట్టం వేడికి వ్యాకోచించి లేజర్ గురి తప్పుతుంది. నిజం చెప్పాలంటే ఉష్ణోగ్రత, పీడనం సరిగా అందించకపోతే ఈ పరికరం చక్కటి దశాంశ స్థానాలతో అబద్ధం చెప్తుంది. పైగా గొట్టంలోకి సిలిండర్ గ్యాస్ నింపి సరిచూడలేం. విడిగా సెల్లు పెట్టి చూడాలి. ఆడిట్‌కి వచ్చినవాళ్లకి ఇది రుచించదు.

మన బొగ్గు సమస్య వేరు. అందులో 30 నుంచి 45 శాతం బూడిద. విద్యుత్ కేంద్రాల్లో నైట్రోజన్ ఆక్సైడ్లని తగ్గించడానికి అమ్మోనియా చల్లే చోట, మిగిలిపోయిన అమ్మోనియా గంధకపు ఆక్సైడుతో కలిసి జిగురు లవణమై ఎయిర్ ప్రీహీటర్‌ని పూడ్చేస్తుంది. కాబట్టి మిగులుని పీపీఎం స్థాయిలో పట్టాలి. ఇతర దేశాల పుస్తకాల్లో గొట్టం అడ్డంగా లేజర్ వేసిన బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ చూసి ఇక్కడ ఈఎస్‌పీకి ముందు బిగిస్తే పది మీటర్ల బూడిద మేఘంలోంచి ఏమీ రాదు. మూలల్లో పొట్టి దారి వెతుక్కోవాలి, లేకపోతే పొడుగు ప్రోబ్ పెట్టి దారిని కుదించాలి. కుదిస్తే సున్నితత్వం తగ్గుతుంది. ఈ బేరం ప్రతి గొట్టం దగ్గరా కొత్తగా ఆడాల్సిందే.

2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల పరిశ్రమలు చిమ్నీ కొలతల్ని నిరంతరం ఆన్‌లైన్‌లో పంపాలంది. మంచిదే. కానీ ఒక తేడా గమనించాను. ఆపరేటర్ ఏ అంకెని చూసి వాల్వు తిప్పుతాడో ఆ పరికరం బాగుంటుంది. అది తప్పితే వాడే ముందు గోల పెడతాడు. ఎవరికో పంపడానికి మాత్రమే పెట్టిన పరికరం పాడైనా ఎవరికీ పట్టదు. ఒక చోట, పేరెందుకు, చిమ్నీ అంకె వారాల తరబడి గీత గీసినట్టు ఉంది. మండుతున్న కొలిమి పొగ అలా ఉండదని చెప్పడానికి వర్ణపటశాస్త్రం అక్కర్లేదు.

లేజర్ ఒక గీతని చూస్తుంది, అందుకే ఒకటి రెండు వాయువులతో సరి. సహజవాయువులో ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ కలగలిసి ఉంటే వాటి సీ–హెచ్ అతిస్వరాలు ఒకదానిమీద ఒకటి పడి గుట్టగా కనిపిస్తాయి. అక్కడ విశాల వర్ణపటం తీసి గణితంతో విడదీస్తారు. 1960లలో అమెరికా వ్యవసాయ శాఖలో కార్ల్ నోరిస్ ధాన్యంలో తేమ కోసం మొదలుపెట్టిన మార్గమది. ద్రవాలకి, గింజలకి అది రాజమార్గం. వాయువులు పలచన కనుక, పీడనం పెంచితే తప్ప అంత హాయిగా నడవదు. రామగుండంలో లాగా సహజవాయువు నుంచి అమ్మోనియా చేసే చోట హైడ్రోజన్, నైట్రోజన్ మూడుకి ఒకటి నిష్పత్తిలో ఉన్నాయా అన్నది ముఖ్యం. ఆ రెండూ పరారుణానికి కనబడనివే. అక్కడ రామన్ పరిక్షేపణం ఆధారంగా చేసిన ఎనలైజర్లు సెకన్లలో జవాబిస్తాయి. భగవంతం గారు కలకత్తాలో నేర్చుకున్న విద్య ఎరువుల ఫ్యాక్టరీ దాకా ఇలా వచ్చింది.

చివరిగా మన తీరంలోనే రాబోతున్న పని ఒకటి. అనకాపల్లి జిల్లా పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. నీటిని విద్యుత్తుతో విడగొట్టే యంత్రంలో ఒక పక్క హైడ్రోజన్, ఒక పక్క ఆక్సిజన్ వస్తాయి. నడుమనున్న పొర పాడైతే ఒకటి రెండోదాన్లోకి కారుతుంది. ఆక్సిజన్‌లో నాలుగు శాతం హైడ్రోజన్ చేరితే చాలు, అది పేలుడు మిశ్రమం. రెండు పక్కలా నిరంతరం కొలవాలి. హైడ్రోజన్‌లోని ఆక్సిజన్‌ని 760 దగ్గర పట్టొచ్చు. ఆక్సిజన్‌లోని హైడ్రోజన్ మాటేమిటి? దానికి ద్విధ్రువం లేదు, మారేదీ లేదు. కానీ చతుర్ధ్రువం ఉంది. దాని వల్ల కలిగే అతి క్షీణమైన గీతల్ని హెర్జ్‌బర్గ్ 1949లో చూశాడు. అలాంటి గీతల్లో ఒకటి 2.12 మైక్రోమీటర్ల దగ్గరుంది. ఖగోళశాస్త్రజ్ఞులు నక్షత్రాలు పుట్టే మేఘాల్లో హైడ్రోజన్‌ని వెతికేది దాంతోనే. ఆ ప్రాంతంలోనే లేజర్ పెట్టి ఇప్పుడు పరిశ్రమలకి హైడ్రోజన్ ఎనలైజర్లు చేస్తున్నారు.

ఇక్కడ కూర్చున్న విద్యార్థులకి ఒక పని మిగిలి ఉంది. ఆక్సిజన్ గీత గాలిలో ఎంత వెడల్పో పట్టికల్లో ఉంటుంది. చుట్టూ తడి హైడ్రోజన్ ఉంటే, ఎనభై డిగ్రీల వేడిలో, ముప్ఫై బార్ల పీడనంలో అది ఎంత వెడల్పవుతుందో ఎవరికి వారు కొలుచుకోవాల్సిందే. దానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒక లేజరు, ఉక్కు సెల్లు, మంచి ప్రెషర్ గేజి, ఓపిక ఉన్న ఇద్దరు మనుషులు చాలు. ఆ పట్టికతో ఎవరైనా నా దగ్గరికి వస్తే మొదటి ఎనలైజర్‌లో దాన్ని ఎక్కించే పూచీ నాది.